రాగి కాణీకి చింతపండు పూయొద్దు!

తాతయ్య ట్రంకుపెట్టె అడుగున ఓ గుడ్డమూట. విప్పితే నల్లబడ్డ రాగి నాణేలు. ఒకదాని మీద రెండు సింహాలు, కింద 1835 అని అంకెలు. ఈస్టిండియా కంపెనీ వేయించిన పావు అణా... అంటే కాణీ. రూపాయికి అలాంటివి 64. చూడగానే ఇంట్లో ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే... కాస్త చింతపండుతో తోమితే పూజచెంబులా తళతళలాడిపోదూ అని!

పొరపాటు జరిగేది అక్కడే. రెండు నిమిషాల తోముడుకి సేకరణకారుల దృష్టిలో నాణెం విలువ చాలావరకూ పడిపోతుంది. పోయింది మళ్లీ రాదు. ఏళ్ల తరబడి గాలి తగిలి రాగి మీద ఏర్పడే గోధుమరంగు పొర మురికి కాదు, నాణేనికి కవచం. చింతపండు, నిమ్మకాయల్లోని ఆమ్లం ఆ పొరనే కరిగించేస్తుంది.

గ్రేడు ఎలా?

నాణెం ఎంత అరిగిందన్నదే గ్రేడుకి ఆధారం. ముందుగా అరిగేవి ఉబ్బెత్తు భాగాలు. కంపెనీ కాణీలో సింహాలు నీడల్లా మాత్రమే కనిపిస్తే అది 'గుడ్'. పేరు చూసి మోసపోకూడదు, ఇది కింది మెట్టే! ఆపైన ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్. అసలు చేతులు మారనిది అన్‌సర్క్యులేటెడ్. ఒకటి నుంచి 70 వరకూ అంకెలతో ఇచ్చే గ్రేడు పుట్టింది కూడా రాగి కోసమే. అమెరికా పాత సెంట్ల కోసం 1949లో విలియం షెల్డన్ దాన్ని రూపొందించారు. రాగికి రంగునీ చూస్తారు. ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని మూడు రకాలు. తోమిన నాణేన్ని గ్రేడింగ్ సంస్థలు మామూలు అంకె ఇవ్వకుండా 'డీటైల్స్' అని పక్కనపెడతాయి.

తోమారని తెలిసేదెలా?

పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక బల్బు ఉంటే చాలు. నాణేన్ని అటూఇటూ వంచి చూడాలి.
* సహజమైన మెరుపు చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. తోమినదాని మెరుపు అంతటా ఒకేలా, జీవం లేకుండా ఉంటుంది.
* సన్నని గీతలు ఒకే దిశలో బారులుగా ఉంటే బ్రష్షో, బూడిదో తగిలినట్లే.
* బాగా అరిగిన నాణెం గులాబీ, నారింజ రంగుల్లో ఉంటే అనుమానించాలి. అరిగిన పాత రాగికి కొత్తరంగు ఉండదు.
* మైదానమంతా మెరుస్తూ అక్షరాల మూలల్లో మాత్రం నలుపు మిగిలినా అంతే.

దాచుకోవాలంటే...

అంచులు పట్టుకునే తీయాలి. చెమటలోని ఉప్పు రాగికి శత్రువు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరబెడితే చాలు. పీవీసీ కవర్లు వద్దు, వాటివల్ల జిగురులాంటి పచ్చదనం పడుతుంది. గట్టిగా అతుక్కున్న ముదురు చిలుముతో భయం లేదు. పొడిలా రాలే లేతపచ్చ చిలుము మాత్రం తేమకి పెరుగుతుంది. అలాంటి నాణేన్ని విడిగా, పొడిచోట ఉంచాలి.

కోస్తా ఇళ్లవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. ఉత్తర సర్కారుల కోసం 1794, 1797ల్లో ఇంగ్లండులోని సోహో టంకశాల ముద్రించిన రాగి నాణేలున్నాయి. వాటిపై 'రూపాయికి 48' అన్న అర్థంతో ఇంగ్లిషు అక్షరాలుంటాయి. తాతల పెట్టెలో అలాంటిది దొరికితే... వంటింటి వైపు తీసుకెళ్లకండి!