మొబైల్ స్టార్టర్ కొనే ముందు నెట్‌వర్క్ చూడండి

ఇంటి దగ్గర నుంచే బోరు మోటారు వేసి ఆపుకునే మొబైల్ స్టార్టర్లు ఇప్పుడు చాలా పొలాల్లో ఉన్నాయి. వీటిలో పాతవి ఎక్కువగా 2జీ నెట్‌వర్క్ మీద పనిచేసేవే. ప్రపంచమంతటా టెలికాం కంపెనీలు పాత నెట్‌వర్క్‌లను ఒక్కొక్కటిగా మూసేస్తున్నాయి. ఆ ప్రభావం మన మోటారు దాకా వస్తుంది.

ఎందుకు మూసేస్తున్నారు?

కంపెనీల దగ్గరున్న స్పెక్ట్రమ్ పరిమితం. దాన్ని 2జీకి బదులు 4జీకి వాడితే ఎక్కువ మందికి సేవ ఇవ్వొచ్చు, ఆదాయమూ పెరుగుతుంది. పాత పరికరాల నిర్వహణ ఖర్చు తప్పుతుంది. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా 2016 డిసెంబరులో 2జీని, 2024 అక్టోబరులో 3జీని ఆపేసింది. పాత నెట్‌వర్క్ మీదే నడిచే పరికరాలున్నవారు వాటిని మార్చుకోక తప్పలేదు.

మన దగ్గర పరిస్థితి

2016లో వచ్చిన జియోకు 2జీ అసలు లేదు. అందుకే 2జీ స్టార్టర్‌లో జియో సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్ 2020లో 3జీని ఆపినా 2జీని కొనసాగించింది. కాబట్టి ఇప్పుడు బాగా పనిచేస్తున్న స్టార్టర్‌ను తీసేయనక్కర్లేదు. కొత్తది కొనేవారు మాత్రం 2జీది తీసుకోవద్దు.

కొనే ముందు ఇవి అడగండి

• లోపల ఉన్నది 4జీ మోడెమేనా? బిల్లు మీద రాయించుకోండి.
• కాల్, ఎస్సెమ్మెస్‌తో పనిచేస్తుందా, లేక యాప్‌తోనా? యాప్ అయితే డేటా ప్యాక్ కూడా కావాలి.
• రేపు నెట్‌వర్క్ మారితే మోడెం ఒక్కటే మార్చే వీలుందా?
• బోరు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ బాగుంది? ఇంటి దగ్గర కాదు, మోటారు దగ్గరే ఫోన్ పెట్టి చూడండి.

రీఛార్జి ఖర్చు తగ్గించుకోండి

2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాయి. స్టార్టర్ సిమ్‌కు కూడా డేటాతో రీఛార్జి చేస్తే దండగే. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాక్ కనీసం ఒకటైనా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. ఇలాంటి వాటికి 365 రోజుల దాకా గడువు ఇవ్వొచ్చు. దుకాణంలో ఆ ప్యాక్ పేరు పెట్టి అడగండి. గడువు తేదీని స్టార్టర్ డబ్బా మీదే రాసుకోండి. పైరు నీటికి వచ్చిన రోజున రీఛార్జి అయిపోయి మోటారు తిరగకపోతే నష్టం మనదే.

స్టార్టర్ ఏదైనా చేత్తో నొక్కే బటన్లు పనిచేసే స్థితిలో ఉంచుకోండి.