పన్నెండు నుండి పద్దెనిమిది దాకా



ప్రతి సంవత్సరం అక్టోబరు 11వ తేదీన అంతర్జాతీయ బాలికా దినోత్సవం జరుగుతుంది. ఐక్యరాజ్యసమితి 2011 డిసెంబరులో తీర్మానించగా 2012లో తొలిసారి ఆ దినాన్ని పాటించారు. ఆ తొలి సంవత్సరానికి ఎంచుకొన్న విషయం బాల్యవివాహాలు. మన దేశంలో 2008 నుండి జనవరి 24ను జాతీయ బాలికా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఈ రెండు రోజులలోనూ బడులలో వ్యాసరచన పోటీలు, ఊరేగింపులు, బహుమతి ప్రదానాలు యథావిధిగా సాగుతాయి. ఆడపిల్లను పుట్టనిద్దాం, బ్రతకనిద్దాం, చదవనిద్దాం అన్న నినాదాలు వినిపిస్తాయి. నినాదాలు మంచివే. అయితే ఎన్నేళ్ళు వచ్చేవరకు చదవనిద్దాం అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేయరు. ముప్పది యేండ్లకు పైగా తెలుగు పాఠం చెప్పినవాడిగా నా అభిప్రాయం ఇది: బాలిక హక్కు నిజంగా పరీక్షకు నిలిచేది పన్నెండవ యేటికీ పద్దెనిమిదవ యేటికీ నడుమ. ఆ ఆరేళ్ళను కాపాడలేని చట్టమూ, ఉత్సవమూ ఆమెకు కొరగావు.

ఈ మాటకు నేటి ప్రపంచంలో అతి కఠోరమైన ఉదాహరణ అఫ్ఘానిస్తాన్. 2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూలును వశపరచుకొన్నారు. ఆ సెప్టెంబరులో ఉన్నత పాఠశాలలు తెరిచినప్పుడు మగపిల్లలను మాత్రమే రమ్మన్నారు. 2022 మార్చి 23న ఆడపిల్లలకూ బడులు తెరుస్తామని చెప్పి, ఆశతో వచ్చిన పిల్లలను కొన్ని గంటలలోనే తిరిగి ఇళ్ళకు పంపివేశారు. అదే సంవత్సరం డిసెంబరులో విశ్వవిద్యాలయాల ద్వారాలు వారికి మూసివేశారు. 2024 డిసెంబరులో నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ పొందుతున్న యువతులనూ ఆపివేశారు. ఇట్లా చదువుకు దూరమైన బాలికలు 22 లక్షల మంది అని 2025 మార్చిలో యునిసెఫ్ చెప్పింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అక్కడి పాలకులు ఆరవ తరగతి వరకు ఆడపిల్లలను బడికి రానిస్తున్నారు. నిషేధం ఏడవ తరగతితో మొదలవుతుంది. పసిపిల్ల అక్షరాలు దిద్దుకొంటే వారికి అభ్యంతరం లేదు. ఆ పిల్ల చదివినదాన్ని గురించి ఆలోచించి, ఎదురు ప్రశ్న వేసే వయస్సు వచ్చేసరికి అభ్యంతరం పుట్టుకొస్తుంది. స్త్రీకి స్త్రీయే వైద్యం చేయాలని పట్టుబట్టే చోట స్త్రీలను వైద్యశిక్షణకు దూరం చేస్తే, రేపు ప్రసవవేళ ఆ తల్లులకు దిక్కెవరు? నష్టం నేటి బాలికలతో ఆగదు, వారు కనబోయే బిడ్డల దాకా పోతుంది.

అది పరాయి దేశపు గొడవ, మనకేమి అనుకోవడానికి వీలులేదు. అక్కడ తుపాకి చేస్తున్న పనిని ఇక్కడ పెళ్ళిచూపులు చేస్తున్నాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడండి. 20 నుండి 24 యేళ్ళ వయస్సు గల స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళి అయినవారు దేశం మొత్తం మీద నూటికి 23.3 మంది. తెలంగాణలో 23.5 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 29.3 మంది. కేరళలో 6.3 మంది మాత్రమే. అవధానాలకూ శతకాలకూ పుట్టినిల్లని చెప్పుకొనే మన ఆంధ్రదేశంలో ప్రతి పదిమంది ఆడపిల్లలలో దాదాపు ముగ్గురు బాల్యం తీరకుండానే అత్తవారింటికి వెళ్ళిపోతున్నారన్న మాట.

మనం నడిచి వచ్చిన దారి తక్కువదని నేను అనను. కన్యాశుల్కం నాటకానికి 1897లో వ్రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ అప్పారావుగారు ఒక లెక్కను ఉదహరించారు. విశాఖపట్టణం జిల్లాలో మూడేండ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల పట్టికను విజయనగరం మహారాజావారు తయారు చేయించగా 1,034 తేలాయట. వారిలో 99 మంది కన్యలకు ఐదేండ్లు, 44 మందికి నాలుగేండ్లు, 36 మందికి మూడేండ్లు, ఆరుగురికి రెండేండ్లు, ముగ్గురికి ఒక్క యేడు! కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికలకు బడి తెరిచిననాటి సమాజం అటువంటిది. ఊయలలోని పిల్లకు పుస్తె కట్టే ఆ దురాచారం నేడు లేదు. పెళ్ళి వయస్సు ఐదు నుండి పదహారు దాకా జరిగి వచ్చింది. అక్కడికి వచ్చి మొండి ఎద్దులా కూలబడింది.

ఎందుచేత? ఒక కారణం మన చట్టాలలోనే ఉన్నది. 1929 నాటి శారదా చట్టం బాలిక పెళ్ళి వయస్సు 14 అన్నది. 1978లో చేసిన సవరణ దాన్ని 18 చేసింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమూ 18 నిండని ఆడపిల్లను బాలిక అనే అన్నది. 1989లో వచ్చిన బాలల హక్కుల ఒడంబడిక చెప్పేదీ అదే వయస్సు. కాని మన 2009 నాటి విద్యాహక్కు చట్టం మాత్రం ఉచిత నిర్బంధ విద్యను 6 నుండి 14 యేళ్ళ వారికే పరిమితం చేసింది. 18 దాకా పెళ్ళి చేయరాదు సరే, 14 దాటాక చదివించి తీరాలన్న నియమం ఏదీ? ఆ నడిమి నాలుగేళ్ళూ పిల్ల ఏమి చేయాలి? పత్తి విత్తన చేలలో క్రాసింగు పనికి పోవాలి. మిరపకాయల కోతకు పోవాలి. తమ్ముడిని చంకనెత్తుకొని, సంబంధం ఎప్పుడు కుదురుతుందా అని ఇంటివారు ఎదురుచూస్తుంటే తాను బిక్కుబిక్కుమంటూ ఉండాలి. ఖాళీగా ఉన్న పిల్లకు పెళ్ళి తప్ప మరొక ఆలోచన ఆ ఇంటికి తట్టదు.

నేను ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేసే రోజులలో, ఏడవ తరగతి చక్కగా ఉత్తీర్ణురాలైన ఒక పిల్లను హైస్కూలుకు పంపడం లేదని తెలిసి వారి ఇంటికి వెళ్ళాను. పద్యాన్ని యతిస్థానంలో ఆగి మరీ చదివే పిల్ల. ఆ తండ్రి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, మర్యాదగానే అన్నాడు: "పంతులుగారూ, హైస్కూలుకు పోవాలంటే అయిదు కిలోమీటర్లు. బస్సు పొద్దున ఒక్కసారే. దారిలో ఏదన్నా జరిగితే నలుగురూ నన్నే అంటారు గాని మిమ్మల్ని అనరు గదండీ."

ఆయన దుర్మార్గుడు కాడు, కూతురంటే ప్రేమ లేనివాడు అంతకన్నా కాడు. సంస్కరణ ఉపన్యాసాలు ఆయన భయాన్ని పోగొట్టలేవు. ఒక సాయంత్రపు బస్సు పోగొట్టగలదు.

ఇది నా ఊహ కాదనడానికి నిదర్శనాలున్నాయి. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతిలో చేరే బాలికలకు సైకిలు కొనుక్కొనేందుకు సొమ్ము ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు పొరుగున ఉన్న ఝార్ఖండ్‌తో పోల్చి పరిశీలించగా, తగిన వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగినట్లు తేలింది. బడి మూడు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న ఊళ్ళలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించింది. బంగ్లాదేశ్ 1994లో గ్రామీణ బాలికలకు ఉపకారవేతనం ఇస్తూ మూడు షరతులు పెట్టింది: నూటికి 75 రోజుల హాజరు, 45 మార్కులు, 18 నిండేవరకు పెళ్ళి కాకుండా ఉండడం. ఆ దేశంలో బాల్యవివాహాలు ఇంకా అధికమే. అయినా ఉన్నత పాఠశాలలలో నేడు మగపిల్లల కన్న ఆడపిల్లలే ఎక్కువగా ఉన్నారు.

పెళ్ళి వయస్సును 21కి పెంచితే సమస్య తీరుతుందని కొందరి వాదం. 2021 డిసెంబరులో అటువంటి బిల్లు లోక్‌సభకు వచ్చి, 2024లో సభ రద్దు కావడంతో మురిగిపోయింది. 18 అన్న నియమమే చెల్లని చోట 21 అని వ్రాసుకొంటే ఒరిగేదేమిటి? అస్సాంలో 2023 ఫిబ్రవరిలో బాల్యవివాహాల పేరిట మూడు వేల మందికి పైగా నిర్బంధించారు. తప్పు చేసినవారికి శిక్ష పడవలసిందే. కాని పోలీసులు వచ్చేసరికి ఆ బాలిక చదువు ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది.

'ఆడపిల్ల ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు' అని మనవారు ఒక చమత్కారం చెబుతుంటారు. వ్యాకరణం చదువుకొన్నవాడిగా ఒక మనవి. ఆడపిల్లలోని 'ఆఁడు' శబ్దానికి స్త్రీ అనే అర్థం. 'అక్కడ' అన్న దానితో దానికి ఎట్టి సంబంధమూ లేదు. తప్పుడు వ్యుత్పత్తిని ఆధారం చేసుకొని పిల్లను పరాయిదాన్ని చేశాము!

కనుక నేను కోరేది ఇంతే. విద్యాహక్కు 18 యేళ్ళ వరకు చట్టంగా రావాలి. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆ వయస్సు దాకా అందరికీ విద్య అందాలన్నది గాని, విధానం వేరు, హక్కు వేరు. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలను 2018లో పన్నెండవ తరగతి దాకా పెంచే వీలు కల్పించారు. అవి ప్రతి వెనుకబడిన మండలంలోనూ ఇంటరు వరకు సాగాలి. స్వగ్రామానికి ఏదైనా చేయాలనుకొనే మిత్రులు, విశేషించి విదేశాలలో స్థిరపడిన తెలుగువారు, ఊరి మొదట స్వాగతద్వారం కట్టించే సొమ్ముతో పది సైకిళ్ళు కొనిపెట్టవచ్చు, బడిలో నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి కట్టించవచ్చు.

చదువరులకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. మీ ఊరి బడిలో నిరుడు ఏడవ తరగతి చదివిన ఆడపిల్లలు ఎందరో, ఈ యేడు ఎనిమిదిలో చేరినవారు ఎందరో కనుక్కోండి. ఆ రెండు అంకెలకూ తేడా ఉంటే, తేడాగా మిగిలిన పిల్లల ఇళ్ళకు ఒకసారి వెళ్ళి ఎందుకు మానిపించారో అడిగి, వారు చెప్పేది ఓపికగా వినండి. మీకు తెలిసినది నాకూ తెలియజేయగోరుతాను.

సెలవు.