పత్తి మన చేలో, చొక్కా ఢాకాలో

ప్రతి ఏడూ దీపావళి వెళ్లగానే ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు వైపు పత్తి లోడ్లు బారులు తీరతాయి. జిన్నింగు మిల్లుల్లో గింజ వేరై, బేళ్లు కట్టి, దేశంలో పండిన దూదిలో కొంత బంగ్లాదేశ్‌కు పోతుంది. ఇంకొంత నూలై పోతుంది. ఆ దేశంలో పత్తి సాగు నామమాత్రం. అయినా ప్రపంచానికి రెడీమేడ్ బట్టలు అమ్మే దేశాల్లో చైనా తర్వాత ముందు వరసలో ఉన్నది బంగ్లాదేశే. పత్తి పండే చోటును వదిలి ఫ్యాక్టరీలు పత్తి పండని చోటికి ఎందుకు పోయాయి? దీనికి జవాబు రైతుకు తెలిసి ఉండాలి. ఎందుకంటే ఫ్యాక్టరీ పేరు చెప్పి అడిగే భూమి రైతుదే, తగ్గించమనే ధరా రైతుదే.

అక్కడ కూలి చవక, అందుకే పోయాయి అంటారు. అది సగం నిజం. మిగతా సగం చూద్దాం. 1974లో సంపన్న దేశాలు ఏ దేశం నుంచి ఎంత బట్ట కొనాలో కోటాలు పెట్టుకున్నాయి. కొరియా కంపెనీలకు ఆ కోటా చాలక, అడ్డు లేని దేశం కోసం వెతికాయి. కొరియాకు చెందిన దేవూ కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్ 1979లో 130 మందిని పని నేర్చుకోవడానికి కొరియా పంపింది. నేర్చుకుని వచ్చినవాళ్లలో చాలామంది తర్వాత సొంత ఫ్యాక్టరీలు పెట్టారు. ఎగుమతికి కుట్టే బట్టను సుంకం లేకుండా తెచ్చుకునే వీలు ప్రభుత్వం కల్పించింది. 2001లో యూరప్ అతి పేద దేశాల సరుకు మీద సుంకం ఎత్తేసింది. బంగ్లాదేశ్ చొక్కా సుంకం లేకుండా లోపలికి పోతే, మన చొక్కా సుంకం కట్టి పోవలసి వచ్చింది. పైగా మన దేశంలో 2000 సంవత్సరం దాకా రెడీమేడ్ దుస్తుల తయారీ చిన్న పరిశ్రమలకు కేటాయించి ఉంది. వేలమంది ఒకే కప్పు కింద పనిచేసే ఫ్యాక్టరీలకు అది అడ్డంకి అయింది.

వియత్నాం కథ మరో రకం. 1988లో అక్కడి ప్రభుత్వం ఉమ్మడి సాగు నుంచి భూమిని కుటుంబాల చేతికి ఇచ్చింది. బియ్యం దిగుమతి చేసుకునే దేశం మరుసటి ఏడాదే ఎగుమతికి దిగింది. ముందు పల్లె తిండికి నిలబడింది, పిల్లలు బడికి పోయారు. 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2009లో బాక్‌నిన్‌లో శామ్‌సంగ్ ఫోన్ల ఫ్యాక్టరీ మొదలైంది. పక్కనే చైనా ఉంది కాబట్టి విడిభాగాలు లారీల మీద దిగుతాయి. ఫ్యాక్టరీల కోసం అక్కడా రైతుల భూములు తీసుకున్నారు, గొడవలూ జరిగాయి. కానీ కంపెనీలను పట్టి తెచ్చింది చవక భూమి ఒక్కటే కాదు.

కూలి చవకైతే చాలు అనేవాళ్లు ఇథియోపియాను చూడాలి. ప్రపంచంలోకెల్లా తక్కువ జీతాల్లో ఒకటి అక్కడిది. 2016లో హవాసాలో పెద్ద పారిశ్రామిక పార్కు కట్టారు. పేరున్న అమెరికా కంపెనీలు వచ్చాయి. టిగ్రే ప్రాంతంలో యుద్ధం మొదలయ్యాక, 2022 జనవరి 1 నుంచి అమెరికా ఆ దేశానికి సుంకం మినహాయింపు రద్దు చేసింది. అంతకు ముందే ఒక పెద్ద కంపెనీ తాళం వేసుకుని పోయింది. కూలి అంతే ఉంది, షెడ్లు అక్కడే ఉన్నాయి. మూసుకున్నది మార్కెట్ తలుపు.

కూలి తగ్గించి గెలవాలనుకుంటే ఏమవుతుందో 2013 ఏప్రిల్ 24న ఢాకా శివార్లలో రానా ప్లాజా కూలినప్పుడు లోకం చూసింది. పదకొండు వందల మందికి పైగా కార్మికులు చనిపోయారు. అలాంటి చవకదనం మన ఆడపిల్లలకు వద్దు.

సుంకం, రేవు, కరెంటు, పని నేర్చిన చేతులు, శాంతి. ఫ్యాక్టరీ ఎటు పోవాలో తేల్చేవి ముఖ్యంగా ఇవే. వీటిలో ఒక్కటీ రైతు చేతిలో లేదు. అన్నీ ప్రభుత్వం చేయవలసినవే. బిల్లు మాత్రం రైతుకు వస్తోంది.

మొదటి బిల్లు భూమి. ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం 2005లో వచ్చింది. ఆ పేరుతో దేశంలో నోటిఫై చేసిన సుమారు 45,600 హెక్టార్లలో పని మొదలైంది 62 శాతంలోనేనని 2014లో కాగ్ తేల్చింది. కొంత భూమిని మండలి జాబితా నుంచి తప్పించి వేరే పనులకు మళ్లించారని కూడా చెప్పింది. భూమి ఇచ్చినా ఫ్యాక్టరీ రాలేదన్న మాట. 2013 భూసేకరణ చట్టం ఐదేళ్లు వాడని భూమిని సొంతదారుకో, ప్రభుత్వ భూ బ్యాంకుకో తిరిగి ఇమ్మంటుంది. సామాజిక ప్రభావ అంచనా చేయమంటుంది. మన రెండు రాష్ట్రాలూ సవరణలు తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి తప్పించుకున్నాయి.

రెండో బిల్లు పంట ధర. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. బంగ్లాదేశ్, వియత్నాంల మీద అప్పుడు 20 శాతమే. బట్టల మిల్లులు గగ్గోలు పెట్టాయి, వాటి బాధ నిజమే. కేంద్రం ఏం చేసింది? ఆగస్టు 19న విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసింది. ముందు సెప్టెంబరు నెలాఖరు వరకన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి అమ్మకానికి వచ్చే నెలలు! పొడవు పింజకు క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలని ప్రకటించిన ప్రభుత్వమే బయట ధర పడిపోయే దారి తెరిచింది. వాషింగ్టన్ వేసిన సుంకాన్ని పత్తి రైతు నెత్తిన దించింది.

మేం ఫ్యాక్టరీలు వద్దనడం లేదు. అరెకరం, ఎకరం ఉన్న ఇళ్లలో డిగ్రీ చదివిన పిల్లలు ఖాళీగా ఉన్నారు. వరంగల్ జిల్లాలో 2017లో శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు యంగ్‌వన్ వచ్చింది. ఏళ్ల తరబడి బంగ్లాదేశ్‌లో బట్టలు కుట్టిస్తున్న కొరియా కంపెనీ అది. అంటే ఫ్యాక్టరీ ఇటు కూడా రాగలదు. అలాంటివి ఇంకా రావాలనే కోరుతున్నాం. అయితే భూమి అడిగే ముందు, ఇప్పటికే తీసుకున్న భూముల్లో ఎన్ని ఎకరాలు ఖాళీగా ఉన్నాయో మండలాల వారీగా లెక్క చెప్పండి. వాడనివి రైతులకు తిరిగి ఇవ్వండి. అసైన్డ్ భూమి సాగు చేసుకుంటున్న దళిత కుటుంబానికి పట్టా భూమితో సమానంగా పరిహారం కట్టండి. రాయితీలు తీసుకునే మిల్లు చుట్టుపక్కల పత్తిని మద్దతు ధరకు తగ్గకుండా కొనాలని ఒప్పందంలో రాయండి. భూమి ఇచ్చిన ఇంటి పిల్లలకు పని నేర్పే ఖర్చు ఆ ఒప్పందంలోనే చేర్చండి.

మీ ఊళ్లో గ్రామసభకు భూసేకరణ కాగితం వస్తే, సంతకానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ కంపెనీ ఇక్కడికి రావడానికి మా భూమి తప్ప మీరు ఇంకేం సిద్ధం చేశారు? దానికి జవాబు కాగితం మీద రాసి ఇచ్చేదాకా సంతకం ఆపండి.