పరికరోద్ధరణము – పాఠోద్ధరణము

తాళపత్రప్రతులను, శాసనాలను పరిశోధించే మనకు ఎస్టాంపేజీ కాగితం తరువాత డిజిటల్ కెమెరా అనివార్యమైన ఉపకరణమయింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో క్షేత్రపర్యటన చేసే అధ్యాపకుని సంచిలో గోరంత మెమరీ కార్డు ఒకటి ఉండక తప్పదు. అది చెడినప్పుడు చేయవలసినదేమి అన్న ప్రశ్న యంత్రజ్ఞులకే సంబంధించినదని మనము ఉపేక్షిస్తున్నాము. అది ముఖ్యంగా పాఠపరిష్కర్తలకు సంబంధించినదని నా అభిప్రాయం.

కురిక్యాల సమీపాన బొమ్మలగుట్టపై జినవల్లభుడు వేయించిన శాసనం క్రీ.శ. 945 ప్రాంతానిది. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉన్న ఆ శాసనంలోని మూడు తెలుగు కందాలు వెయ్యేండ్లకు పైగా ఎండవానలకు ఓర్చి నిలిచాయి. రాతిపై అక్షరం అరిగినా ఆనవాలు మిగులుతుంది. తాళపత్రానికి పురుగు పట్టినా మిగిలిన భాగం చదువుకోవచ్చు. కార్డు విషయం అట్లా కాదు. ఒక్క క్షణంలో వందలాది పత్రాల ప్రతిబింబాలు అదృశ్యమవుతాయి. అయితే అదృశ్యం కావడం వేరు, నశించడం వేరు. ఈ భేదం తెలియకపోవడం వల్లనే నష్టం జరుగుతున్నది.

ఇందుకు నా అనుభవమే నిదర్శనం. కొన్నేండ్ల క్రితం గోదావరీతీరంలోని ఒక ఇంట ఉన్న తాళపత్రప్రతిని ఒక్క దినం మాత్రం ఛాయాచిత్రాలు తీసుకొనడానికి అనుమతించారు. సాయంకాలానికి కార్డును ఫార్మాట్ చేయవలసిందని కెమెరా తెరపై సూచన కనబడింది. పట్టణంలో ఒక దుకాణానికి తీసుకొనిపోగా, అతడు ఫార్మాట్ చేసి, బాగయిందని చెప్పి తిరిగి ఇచ్చినాడు. నిజంగానే బాగయింది. మరునాడు అదే కార్డు నిండా ఒక దేవాలయ శిల్పాలను చిత్రించుకొన్నాము. కొంతకాలానికి ఆ ఇంటికి మరల వెళ్ళగా, పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకొన్నారు. ప్రతి ఏమయినదో చెప్పగలవారు లేరు. ఆ దుకాణదారుని నిందించి ప్రయోజనం లేదు. మేము అతనిని అడిగినది కార్డును బాగుచేయమని. గ్రంథాన్ని రక్షించమని కాదు.

కార్డులో చిత్రాలు ఒకచోట, అవి ఎక్కడ ఉన్నవో తెలిపే పట్టిక మరొకచోట ఉంటాయి. చిత్రం నమోదవుతుండగా బ్యాటరీ అయిపోయినా, కార్డును తటాలున తీసినా పట్టిక చెడవచ్చు. సాధారణమైన ఫార్మాట్ ఆ పట్టికను కొత్తగా వ్రాస్తుంది. చిత్రాల జోలికి ప్రాయికంగా పోదు. కార్డు అంతటినీ తుడిచే సంపూర్ణ ఫార్మాట్ మాత్రం వేరు. కనుక మా ప్రతిని అంతిమంగా నశింపజేసినది దుకాణంలోని ఫార్మాట్ కాకపోవచ్చు. మరునాడు మేము దానిపై తీసిన శిల్పచిత్రాలే.

పట్టిక లేని చిత్రాలను వెదకి తీసే ఫోటోరెక్ వంటి ఉచిత సాధనాలున్నాయి. వాటి పద్ధతి మనకు కొత్త కాదు. త్రాడు తెగి చెదిరిన తాళపత్రాలలో మంగళశ్లోకాన్ని బట్టి గ్రంథాదిని, ఆశ్వాసాంతగద్యను బట్టి ముగింపును మనం గుర్తించినట్లే, జేపెగ్ చిత్రం ఎఫ్‌ఎఫ్ డి8 అన్న గుర్తుతో మొదలై ఎఫ్‌ఎఫ్ డి9 అన్న గుర్తుతో ముగుస్తుందని అవి గ్రహిస్తాయి. అయితే ఇట్లా లభించిన చిత్రాలకు పూర్వపు పేర్లు ఉండవు, వరుస తప్పవచ్చు. అందువలన పత్రసంఖ్య వ్రాసిన చీటీని ప్రతి చిత్రంలోనూ పత్రం పక్కన ఉంచడం అవసరం.

కార్డు చెడినదని తెలిసిన వెంటనే దానిని బయటికి తీసి, పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపాలి. ముందుగా కంప్యూటరులో కార్డుకు యథాతథమైన నకలు తీసి, ఆ నకలు మీదనే వెదకాలి. చెక్‌డిస్క్ వంటి మరమ్మతు సాధనాలు కార్డుపైనే మార్పులు చేస్తాయి గనుక వాటిని మొదట ప్రయోగించరాదు. మూలప్రతిపై దిద్దుబాట్లు చేయరాదన్న పరిష్కరణ నియమమే ఇక్కడా వర్తిస్తుంది. చిత్రాలన్నీ చేతికి వచ్చి, రెండుచోట్ల భద్రపడిన తరువాతనే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయాలి. మరల చెడితే దానిని పారవేయడమే మేలు.

కార్డు వెల కొద్దిదే, దీనికింత చర్చ ఎందుకని కొందరు అనవచ్చు. వెల కొద్ది కనుకనే దానిని బాగుచేయాలన్న ఆరాటం విడిచి, దానిలోని పాఠాన్ని రక్షించాలంటున్నాను. 1974లో పరబ్రహ్మశాస్త్రిగారి సంపాదకత్వాన వెలువడిన కరీంనగర్ జిల్లా శాసనసంపుటం నేటికీ మనకు ఉపకరిస్తున్నదంటే, ఆ పాఠాలు ఒక్కచోట నిలువక అనేక ప్రతులుగా వ్యాపించడమే కారణం. ప్రాచ్యకళాశాలలలో పాఠపరిష్కరణ బోధించేటప్పుడు ఈ విషయానికి కూడా ఒక పాఠం కేటాయించాలి. పర్యటనకు వెళ్ళే విద్యార్థికి రెండు కార్డులు ఇచ్చి, ఆ రాత్రికే నకలు తీయించాలి. ప్రతి చూపిన గృహస్థు మరల చూపగలడన్న నమ్మకం లేదు.