బద్వేల్లో మేపుల్ చెట్లు ఎక్కడున్నాయి సార్?

అక్టోబరు వచ్చిందంటే చాలు, మన ఊళ్ళలో చాలా ఇంగ్లీషు మీడియం బళ్ళలో ఒక తంతు మొదలవుతుంది. ఎల్కేజీ, యూకేజీ పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. దాని మీద అయిదు కొనలున్న ఆకు బొమ్మ, పక్కన మఫ్లరు చుట్టుకున్న పాప, ఒక ఉడుత. ఆకుకి నారింజ రంగు వెయ్యాలి, కింద 'ఆటమ్' అని రాయాలి. అంతే, ఋతువుల పాఠం అయిపోయింది.

ఇదే కాగితం బోస్టన్‌లో ఇస్తే నాకే అభ్యంతరమూ లేదు. అక్కడ కిటికీ తీస్తే ఆ ఆకే కనబడుతుంది. కడప జిల్లా బద్వేల్లో ఇస్తేనే ఒళ్ళు మండుతుంది.

మా అక్క కూతురు అక్కడే ఒక ప్రైవేటు బళ్ళో యూకేజీ. బడి పేరు అనవసరం. పోయిన అక్టోబర్లో ఫోన్లో అడిగాను, "ఆటమ్ అంటే ఏంది పాపా?" అని. "ఆకులు ఎర్రగా అయ్యి రాలిపోయేది మామా" అని టకీమని చెప్పింది. "మరి మీ ఇంటి ముందర చెట్టు ఆకులు రాలతాండాయా?" అంటే, "లేదు మామా, వాన పడతాంది" అంది. మొదటి జవాబుకి మార్కులు పడతాయి. రెండో జవాబు ఆ పిల్ల కళ్ళారా చూసి చెప్పింది, దాన్ని మాత్రం బళ్ళో ఎవరూ అడగరు. నా గొడవంతా ఆ రెండో దాని గురించే.

అసలు సంగతి చూద్దాం. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, జూన్ పగలు పదహారు గంటలు దాటుతుంది. పగలు తగ్గి చలి ముదిరే కొద్దీ అక్కడి చెట్లు ఆకుల్లో పచ్చదనాన్ని విరగ్గొట్టి, పనికొచ్చేది లోపలికి లాక్కుని, ఆకుని వదిలేస్తాయి. బద్వేలు ఉన్నది భూమధ్యరేఖకి సుమారు 14.7 డిగ్రీల ఉత్తరాన. ఇక్కడ అతి చిన్న పగలు కూడా పదకొండు గంటల పైనే. మన చెట్లకి భయం చలి కాదు, నీటి కరువు. అందుకే పక్కనున్న లంకమల అడవి అక్టోబర్లో పచ్చగా ఉండి, చలికాలం చివర్నించి ఎండుతుంది. ఎర్రచందనం మోడైపోయేది అప్పుడే. ఇంటి ముందు వేపచెట్టు కూడా ఉగాదికి ముందే ఆకు రాల్చి, చిగురేసి పూతకొస్తుంది. మన ఆకురాలు కాలం ఫిబ్రవరి, మార్చి. కాగితమేమో అక్టోబరు అంటుంది.

"ఇంగ్లీషు చదువుల పుణ్యమే ఇదంతా, మన ఆరు ఋతువులు నేర్పిస్తే సరిపోయేది" అని కొందరు పెద్దలు అంటారు. ఆగండాగండి. ఆశ్వయుజ కార్తికాలు శరదృతువు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వెన్నెల పిండారబోసినట్టు ఉంటుంది అని మన తెలుగు వాచకాలూ బట్టీ పట్టించాయి. నైరుతి వెనక్కి తగ్గి మబ్బు విడిచే ఉత్తర భారతానికి ఆ వర్ణన సరిగ్గా అతుకుతుంది. మనకి? అక్టోబరు నించి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలు. రాయలసీమకి ఏడాది వానలో సుమారు మూడో వంతు వచ్చేది అప్పుడే. వెన్నెల మాట దేవుడెరుగు, వాయుగుండం ఎటు తిరుగుతుందో అని టీవీ ముందు కూర్చునే కాలం అది. బోస్టన్ కాగితం బదులు కాశీ కాగితం ఇస్తే పిల్లకి ఒరిగేదేంటి?

ఇది ఊరికే అభిమానం కోసం చెప్తున్న మాట కాదు. 2021 నవంబర్లో, అప్పటి కడప జిల్లాలోనే, పింఛా ఏటి మీద పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరద తోసుకొచ్చి 19వ తేదీ పొద్దున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టని ఊడ్చేసింది. మందపల్లి, పులపత్తూరు లాంటి ఊళ్ళు మునిగాయి, పదుల మంది పోయారు. దానికి జవాబు చెప్పాల్సింది పిల్లల పాఠాలు కాదు, నాకు తెలుసు. కానీ ఏ నెలల్లో వంకల దగ్గరికి పోకూడదో మన గడ్డ మీద పుట్టిన పిల్లకి బడి చెప్పాలా వద్దా?

మన ఉద్యోగాలనే తీసుకోండి. తేదీలో నెల ముందా రోజు ముందా అని నాలుగు మీటింగులు పెట్టుకుంటాం. లక్షల దగ్గర కామా తప్పు పడితే బగ్ ఫైల్ చేస్తాం. యూజరు ఎక్కడున్నాడో చూడకుండా హార్డ్‌కోడ్ చేసినవాణ్ణి కోడ్ రివ్యూలో ఉతికేస్తాం. అదే మన ఇంటి పిల్లల బుర్రలోకి ఎవరిదో లోకేల్ హార్డ్‌కోడ్ చేస్తే మాత్రం ఫీజు కట్టి మరీ చప్పట్లు కొడతాం.

"రేపు అమెరికా వెళ్తే అక్కరకొస్తుంది కదా" అనేవాళ్ళకి ఒక్క మాట. ఆస్ట్రేలియాలో ఆటమ్ మార్చి నించి మే దాకా. మన పిల్ల సిడ్నీ వెళ్తే ఏం చేస్తారు? ఊరు మారితే ఋతువు మారుతుందని తెలిసిన పిల్ల ఎక్కడైనా బతుకుతుంది. ఆకు నారింజ రంగు అని మాత్రమే తెలిసిన పిల్ల తికమక పడుతుంది. బడి చదువుని బయటి జీవితంతో కలపాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పనే చెప్పింది. చదివినవాళ్ళు ఎవరు?

పోనీ ఏం నేర్పాలి అంటారా? పైసా ఖర్చు లేదు. ఒక డబ్బా ఆరుబయట పెట్టి వాన పడ్డ రోజల్లా స్కేలుతో కొలిపించండి. హస్త, చిత్త, స్వాతి కార్తెలు ఎప్పుడొస్తాయో ఊళ్ళో ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తాడు. ఆయన్ని ఒక్క పూట బడికి పిలవండి. చెనిక్కాయలు ఎప్పుడు పీకుతారు, శనగలు ఎప్పుడు విత్తుతారు, సీతాఫలాలు ఎప్పుడొస్తాయి, ఎర్రటి ఆరుద్ర పురుగులు ఏ వానకి బయటికొస్తాయి, ఇవి రాయించండి. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి బద్వేల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. లండన్ పిల్లలకి ఏ రోజూ దొరకని పాఠం అది! ఇవన్నీ ఇంగ్లీషులోనే చెప్పుకోండి, నాకేం పేచీ లేదు.

దసరాకి ఊరెళ్ళే బెంగళూరు, హైదరాబాదు జనాలారా, ఈసారి పిల్లల పుస్తకాల సంచీ ఒకసారి తెరిచి చూడండి. ఆ కాగితం కనబడితే బడికెళ్ళి మర్యాదగానే అడగండి, "మేడమ్, ఈ నెల మన ఊళ్ళో ఏం జరుగుతుందో కూడా ఒక కాగితం ఇస్తారా?" అని. వాళ్ళ దగ్గర లేకపోతే మీరే కూర్చుని చేసివ్వండి. వారాంతాల్లో ఓపెన్ సోర్సుకి కోడ్ రాసేవాళ్ళం, నాలుగు పేజీల కాగితం చెయ్యలేమా? ఏమంటారు?