బూట్లెప్పుడు తొడగాల్నో మీరా చెప్పేది?

లోఫర్ అన్నది మా హాస్టల్ల తిట్టు. అన్నం రెండోసారి అడిగినా "ఏయ్ లోఫర్" అనేటోడు వార్డెన్. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ షోరూముల అదే పేరు అద్దాల వెనక మెరుస్తున్నది. లేసుల్లేని తోలు బూట్లు. ఆఫీసుకైతే నల్లవి, పెండ్లికైతే గోధుమరంగువి, ఎండకాలం సాక్సుల్లేకుండ అని సేల్స్‌బాయ్ పాఠం చెప్తడు. "తొందరగ విప్పొచ్చు సార్" అని పైనుంచి ఒక మాట.

విప్పుడు మాకు కొత్తగ నేర్పాల్నా? దొర గడి ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన జాతి మాది. ఎక్కడ తొడగాల్నో, ఎక్కడ విడవాల్నో ఊరు మాకు ఏనాడో టైంటేబుల్ రాసిపెట్టింది. ఆ దొర కాళ్ళ కిర్రుచెప్పులు కుట్టిందెవరు? లందల సున్నపు నీళ్ళకు చేతులు పుండ్లు పడంగ, తంగేడు చెక్కతోని తోలు పదును చేసిన మాదిగోళ్ళు. చెప్పులూ, మోటకు తోలు సామానూ వెట్టికే ఇచ్చినరు. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన సాయుధ పోరాట చరిత్రల గూడ ఈ వెట్టి ఉన్నది.

అదంతా పాతకథ అంటరా? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ చదవండ్రి. నలుగురు తిరిగే చోట మేం చెప్పులు తొడగకుండ, కొత్తబట్టలు కట్టకుండ, సైకిలెక్కకుండ అడ్డుకుంటే నేరమని అందుల రాసుకోవలసి వచ్చింది. అమలైంది 2016 జనవరి 26న. రాజ్యాంగానికి 66 ఏండ్లు నిండిన రోజు. జరగని నేరానికి పార్లమెంటు చట్టం చెయ్యదు గద!

ఈ లోఫర్ గూడ పుట్టుకతోని దొరబిడ్డ కాదు. నార్వేల ఆర్లాండ్ అనే పల్లె జోడు. 1936ల అమెరికాల బాస్ కంపెనీ ఆ నమూనా అమ్మకానికి పెడితే కాలేజీ పిల్లల ఫ్యాషనైంది. ఇక్కడ కిర్రుచెప్పులు కుట్టినోని మనుమడు ఎల్‌బీ నగర్ మెట్రో పిల్లర్ పక్కన గొడుగేసుకొని కూసున్నడు. షోరూముల 'చేతికుట్టు' అని రాస్తే ధర పెరుగుతది. పిల్లర్ పక్కన అదే చేతికుట్టుకు పది రూపాయల కాడ బేరం.

నేను బూట్లేసుకొని బడికి పోతే "పాఠం చెప్పెటందుకు ఇంత షోకెందుకు సార్" అంటడు స్టాఫ్‌రూముల ఒకాయన. ఆయన బూట్లకు ఎవ్వరూ కారణమడగరు. మన ఉద్యమపోళ్ళల్ల గూడ ఉన్నరు, కార్యకర్తంటే హవాయి చెప్పులే ఉండాలనేటోళ్ళు. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ కాడ నిలబెట్టిన 125 అడుగుల అంబేడ్కర్‌ను తలెత్తి చూసిండ్రా? సూటూ బూటూ తోనే ఉన్నడు.

నల్లగొండ, సూర్యాపేట బస్సులు దిగి కోచింగులకొచ్చే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! కొనుడు, కొనకపోవుడు మీ జేబు సంగతి. ఎప్పుడు తొడగాల్నంటరా? పండుగకు ఊరికి పోయిననాడు, పెద్దోళ్ళ వాడ నడిమిట్ల నుంచి పోయేటప్పుడు. అడ్డమొస్తరేమో, ఆ సవరణ నకలొకటి జేబుల పెట్టుకోండ్రి. కుట్లూడితే పిల్లర్ పక్కన పెద్దయ్య దగ్గర కుట్టించుకోండ్రి, బేరమాడకుండ.