వడ్డాణాలు పెట్టుకున్న బల్లి

పిల్లలూ! ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణకు షికారు వెళ్ళే అంబర్‌పేట కుర్రవాడొకడు నన్ను అడిగాడు: “సార్, రాతి మీది తొండ మనల్ని చూడగానే పగుల్లో దూరుతుంది. దగ్గర్లో పగులు లేకపోతే ఏం చేస్తుంది?”

మంచి ప్రశ్న. జవాబుకోసం ముందు దక్షిణాఫ్రికా పోదాం.

ఆ దేశపు పడమటి వైపున, వాన తక్కువ పడే రాతినేలలో ఒక బల్లి వున్నది. తోక కాక నాలుగంగుళాలుంటుంది. దాని పొలుసులు వరసలు వరసలుగా, ఒంటినిండా వడ్డాణాలు చుట్టినట్టుంటాయి. ప్రతి పొలుసుకూ ముల్లు. రాతి సందులో దూరి బిగుసుకున్నదంటే పైకి లాగడం కష్టం. బయట చిక్కితే మాత్రం తన తోకను తానే కరచుకుని చక్రంలా చుట్టుకుంటుంది. మెత్తని పొట్ట లోపలికి, ముళ్ళు బయటికి! 2011లో శాస్త్రజ్ఞులు దీన్ని బంధువులనుంచి వేరుచేసి, ఇదొక్కటే వుండే ప్రజాతికి ‘ఊరోబోరస్’ అని పేరు పెట్టారు. గ్రీకులో ‘తన తోక తాను తినేది’ అని అర్థం. శాస్త్రజ్ఞులకూ సరదా వుంటుంది సుమా!

చెదలు దీనికి ముఖ్యాహారం. గుడ్లు పెట్టదు; ఏడాదికి ఒక పిల్లను, అరుదుగా రెండింటిని కంటుంది. ఒకే సందులో చాలా బల్లులు కలసి కాపురముండడమూ కద్దు. అదే వాటి కొంప ముంచింది. పట్టి అమ్ముకునేవాళ్ళు ఒక్క సందు పగలగొడితే చాలు, గుంపంతా సంచిలో పడుతుంది. ఏటా ఒక్క పిల్లతో ఆ లోటు ఎప్పటికి తీరేను? అందుకే ఇప్పుడు దీన్ని దేశం దాటించాలంటే అనుమతి కావాలి.

ఇక మన రాతి తొండ. దానికి వడ్డాణమూ లేదు, కవచమూ లేదు. కాళ్ళ వేగం, రాతి పగులు, ఇంతే దాని ఆస్తి. పగులు దొరక్కపోతే గద్దకు ఆహారమే. అబ్బాయీ, నీ ప్రశ్నకు ఇదీ జవాబు.

హైదరాబాదు గుండ్రాళ్ళు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. ఎండకూ వానకూ పై పొరలు పెచ్చులుగా లేచి ఆ సందులు ఏర్పడ్డాయి. ఇళ్ళకోసం మందుపెట్టి గుండును పేల్చడానికి ఒక్క పూట చాలు. మిగిలిన రాళ్ళనైనా కాపాడాలని 1996లో ఈ నగరంలో ఒక సంఘమే పుట్టింది.

తొండ తల ఊపితే వెక్కిరిస్తున్నదని రాయి విసిరే పిల్లలున్నారు. అది మీతో కాదు మాట్లాడేది; అవతలి గుండు మీది మగతొండతో “ఈ చోటు నాది” అంటున్నది. జతకట్టే కాలంలో మగదాని వీపు ఎర్రబడి, పక్కలు నల్లబడతాయి. పది గజాల దూరాన కదలకుండా కూర్చోండి. రెండో మగది ఎదురైతే, ఆ రంగు నిమిషాల్లో మారడం మీ కళ్ళతోనే చూడవచ్చు.